పురుగుల మరకని పొడిగా తుడవకండి: రాత్రి ప్రయాణాల బళ్ళకి తెలియాల్సిన జాగ్రత్తలు

ఫజర్ అజాన్ వినిపించే వేళకే విశాఖపట్నం పూర్ణా మార్కెట్ మేలుకుని ఉంటుంది. కూరగాయల బస్తాలు దింపే కళాసీలు, పక్కకి జరగమని కేకలేసే ఆటోవాళ్ళు, ఇరుకు సందుల్లో వరసగా నిలబడ్డ పికప్ బళ్ళు. రాత్రంతా పొలాల మధ్య రోడ్ల మీద నడిచొచ్చిన బండిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ముందు అద్దం, బంపరు, లైట్లు, నంబరు ప్లేటు అన్నిటి మీదా చితికిపోయిన పురుగుల మరకలే కనిపిస్తాయి. రెక్కలు, కాళ్ళు, పసుపు పచ్చని జిగురు ఒకదాని మీద ఒకటి ఎండుకట్టి ఉంటాయి.

సరుకు దింపేలోగా డ్రైవరు చేసే పని ఒకటుంది. సీటు కింద నుంచి పాత గుడ్డో, చిరిగిన న్యూస్‌పేపరో తీసి అద్దాన్ని పొడిగానే గట్టిగా రుద్దేస్తాడు. అద్దం మధ్యలో చూడ్డానికి సరిపడా జాగా దొరికితే చాలనుకుంటాడు. బానెట్ మీద ఉన్నవాటి సంగతి ఆదివారం చూసుకోవచ్చనుకుంటాడు. ఈ రెండు అలవాట్లూ తప్పే. పొడిగా రుద్దడం వల్ల అద్దం పాడవుతుంది. ఆదివారం దాకా ఆగడం వల్ల పెయింట్ పాడవుతుంది.

ఇది సరుకు బళ్ళకే సంబంధించిన విషయం కాదు. షాదీలకి, ఉర్సులకి, ఇజ్తెమాలకి, మొహర్రం నెలలో నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండక్కి, కడప అమీన్ పీర్ దర్గాకి వ్యాన్లు మాట్లాడుకుని కుటుంబాలు రాత్రిపూట బయల్దేరుతుంటాయి. విశాఖ నుంచి నెల్లూరు 600 కిలోమీటర్ల పైమాటే. పిల్లలు, ముసలివాళ్ళు వెనక సీట్లలో నిద్రపోతుంటే అందరి క్షేమం ఆ ముందు అద్దం మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి డ్రైవరుకే కాదు, బండి మాట్లాడుకునే ఇంటిపెద్దకీ ఈ సంగతులు తెలిసుండాలి.

మరక అంత గట్టిగా ఎందుకు పడుతుంది?

పురుగు ఒంట్లో ఉండేది మన రక్తం లాంటి ఎర్ర రక్తం కాదు. ప్రోటీన్లు, చక్కెరలు, కొవ్వు కలిసిన పల్చని ద్రవం. దాని చుట్టూ కైటిన్ అనే గట్టి పదార్థంతో చేసిన పెంకు ఉంటుంది. బండి వేగంగా పోతున్నప్పుడు పురుగు తగిలితే పెంకు పగిలి, లోపలి ద్రవం పల్చగా పరుచుకుని, పెంకు ముక్కల్ని అద్దానికి అతికించేస్తుంది.

వంటింట్లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. గుడ్డు పచ్చసొన కంచానికి అంటుకుంటే అప్పుడే కడిగితే ఇట్టే పోతుంది. రాత్రంతా వదిలేసి పొద్దున్నే కడగబోతే ఎంత తోమినా రాదు. కాసేపు నీళ్ళలో నానబెడితే మళ్ళీ సులువుగా వచ్చేస్తుంది. పురుగు మరక కూడా అంతే. అందులో ప్రోటీన్ ఉంది, అది ఎండకి గట్టిపడుతుంది. విశాఖ ఎండలో నిలబెట్టిన బండి బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, అర్థమవుతుంది. తెల్లారగట్ల తడిగా ఉన్న మరక మధ్యాహ్నానికి వార్నిష్ వేసినట్టు బిగుసుకుపోతుంది.

ఇంకో సంగతి, మరక అలాగే ఉండిపోతే దాని గుణం కూడా మారుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో లవ్‌బగ్ అనే చిన్న నల్ల పురుగు ఏడాదికి రెండుసార్లు రోడ్ల మీద గుంపులు గుంపులుగా ఎగురుతుంది. అక్కడి కార్లవాళ్ళకి ఇదో పెద్ద బాధ. చితికిన కొత్తలో ఆ పురుగు ద్రవం పీహెచ్ 6.5 దగ్గర, అంటే దాదాపు మామూలు నీళ్ళలాగే ఉంటుంది. ఒక్కరోజు వదిలేస్తే అది 4.25కి దిగిపోవచ్చు. అంటే ఇంచుమించు టమాటా పులుపంత ఆమ్లం. మనవైపు ఎగిరే ప్రతి పురుగుకీ ఇవే అంకెలు సరిపోతాయని కాదు. ఆ పులుపు పెయింట్ పైన ఉండే పారదర్శకమైన పొరని తినేస్తుంది. తర్వాత మరక పోయినా దాని ఆకారం వెలిసిపోయిన మచ్చలా మిగిలిపోతుంది. అప్పుడు కడిగితే లాభం లేదు, పాలిషింగే చేయించాలి.

అందుకే లెక్క ఒకటే గుర్తుంచుకోవాలి. మరక పడ్డ 24 గంటల్లోపు, వీలైతే ఆ రోజు ఎండెక్కకముందే తీసెయ్యాలి.

విశాఖలో ఇంకో చిక్కు

విశాఖ పోర్టు ఊరు, స్టీలు ఊరు. పాత నగరం వైపు ఉండేవాళ్ళకి నల్లధూళి కొత్త కాదు. డాబా మీద ఆరేసిన బట్టలు, కిటికీ గట్లు వేలితో రాస్తే తెలిసిపోతుంది. బొగ్గు, ఇనుప ఖనిజం రేణువులు గాల్లో ఉంటాయి. దానికి సముద్రపు ఉప్పుగాలి తోడు. పురుగు మరక జిగురుగా ఉంటుంది కాబట్టి ఈ ధూళి వచ్చి దానికి అంటుకుంటుంది.

ఇప్పుడు పొడి గుడ్డ పెట్టి రుద్దితే ఏమవుతుంది? గుడ్డకీ బండికీ మధ్య ఆ రేణువులు, పెంకు ముక్కలు ఉప్పుకాగితంలా పనిచేస్తాయి. ఒక్కసారికి కనపడకపోవచ్చు. ఏడాది పాటు రోజూ అలా రుద్దిన అద్దాన్ని పొద్దున్నే సూర్యుడికి ఎదురుగా పెట్టి చూస్తే సాలెగూడులా సన్నని గీతలు కనిపిస్తాయి. పెయింట్ మీద అలాంటి గీత పడ్డచోట ఉప్పుగాలి తేలిగ్గా పని మొదలుపెడుతుంది. మొదట మెరుపు పోతుంది, గీత లోతుగా ఉంటే తుప్పు కూడా పడుతుంది.

బండి మీద బతికేవాడికి ఇది అందం గొడవ కాదు. అమ్మబోయేటప్పుడు బండి ధర దగ్గర, అద్దం మార్చాల్సి వచ్చినప్పుడు జేబు దగ్గర తెలుస్తుంది.

అద్దం మీద మరక ప్రాణం మీదకి తెస్తుంది

పెయింట్ పాడైతే డబ్బు పోతుంది. అద్దం మసకైతే మనుషులే పోవచ్చు. ఇది పగలు అర్థం కాదు. పగటిపూట నాలుగు మరకలున్నా రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. రాత్రి ఎదురుగా లారీ హెడ్‌లైట్లు పడ్డప్పుడు ఆ మరకలే వెలుగుని నాలుగువైపులా చెదరగొట్టి అద్దమంతా తెల్లగా మెరిసేలా చేస్తాయి. ఆ క్షణంలో రోడ్డు దాటే మనిషి గానీ, లైట్లు లేకుండా ఆగిన ట్రాక్టరు గానీ కనిపించవు.

గంటకి 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు కళ్ళు బైర్లు కమ్మితే 44 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే.

అందులోనూ చాలామంది చేసే పొరపాటు, పురుగు పడగానే వైపర్ ఆన్ చెయ్యడం. నీళ్ళు లేకుండా వైపర్ వేస్తే చిన్న మరక కాస్తా అద్దమంతా పాముకుంటుంది. కొవ్వు, జిగురు కలిసిన ఆ పొర మీద ఎదుటి బండి వెలుగు పడితే మరీ అన్యాయం. ముందు వాషర్ నీళ్ళు కొట్టి అద్దం బాగా తడిసాకే వైపర్ వెయ్యాలి. వాషర్ ట్యాంకు ఖాళీగా ఉంటే ఆ బటన్ ఎంత నొక్కినా లాభం లేదు. దూరం బయల్దేరే ముందు డీజిల్, టైర్లలో గాలి చూసినట్టే వాషర్ ట్యాంకు కూడా చూడాలి. అందులో మామూలు నీళ్ళు పోసినా ఫర్వాలేదు. దొరికితే అద్దాల కోసం అమ్మే వాషర్ లిక్విడ్ కలిపితే జిడ్డు తొందరగా పోతుంది.

మరక మరీ ఎక్కువైతే ఒకటే మార్గం. పెట్రోల్ బంకులోనో, వెలుగున్న సురక్షితమైన చోటో బండి పక్కకి ఆపి అద్దం తుడుచుకోవాలి. ఆలస్యమైతే అవనివ్వండి. రోడ్డు మార్జిన్లో చీకట్లో మాత్రం ఆపొద్దు.

తీసే సరైన పద్ధతి

ఖరీదైన వస్తువులేమీ అక్కర్లేదు. రెండు బకెట్లు, మెత్తని గుడ్డలు మూడు, కార్ షాంపూ కొంచెం, ఓపిక. రహస్యమంతా ఒక్క మాటలో ఉంది: రుద్దకండి, నానబెట్టండి.

1. బండిని నీడలో పెట్టండి. ఇంజన్ ఆపి బానెట్ చల్లారనివ్వండి. వేడిగా ఉన్న రేకు మీద నీళ్ళు వెంటనే ఆరిపోతాయి, మరక నానదు.

2. ముందుగా నీళ్ళు పోసి పైపైన ఉన్న ధూళి కిందికి జారిపోనివ్వండి. ఈ దశలో గుడ్డ తగలనివ్వొద్దు.

3. పాత నూలు తువ్వాలు ఒకటి నీళ్ళలో బాగా తడిపి, మరకలున్న చోట పరిచేయండి. బంపరు, బానెట్ అంచు, అద్దం కింది భాగం ముఖ్యం. 10 నుంచి 15 నిమిషాలు అలాగే ఉంచండి. ఆరిపోతుంటే మళ్ళీ నీళ్ళు చిలకరించండి. గోరువెచ్చని నీళ్ళు వాడొచ్చు. మరిగే నీళ్ళు మాత్రం వద్దు. వేడికి ప్రోటీన్ ఇంకా బిగుస్తుంది, చల్లని అద్దం మీద మరిగే నీళ్ళు పడితే పగిలే ప్రమాదం కూడా ఉంది.

4. తువ్వాలు తీసేటప్పటికే సగం మరకలు దాంతోపాటు వచ్చేస్తాయి. మిగిలిన వాటికి ఒక బకెట్లో కార్ షాంపూ నురగ, ఇంకో బకెట్లో మంచినీళ్ళు పెట్టుకోండి. గుడ్డని నురగలో ముంచి మెల్లగా తుడిచి, మంచినీళ్ళలో జాడించి, మళ్ళీ నురగలో ముంచండి. ఒకే బకెట్ వాడితే తీసిన మట్టినే మళ్ళీ బండికి రాసినట్టవుతుంది.

5. గుడ్డని గుండ్రంగా తిప్పకుండా ఒకే వైపు లాగండి. మైక్రోఫైబర్ గుడ్డ ఉంటే అన్నిటికన్నా మేలు.

6. ఇంకా మొండిగా ఉన్నవి ఉంటే గోరుతో గీకొద్దు. మళ్ళీ తడిగుడ్డ పరిచి ఇంకో 10 నిమిషాలు ఆగండి. అప్పటికీ పోకపోతే పురుగుల మరకల కోసమే దుకాణాల్లో అమ్మే స్ప్రే వాడండి. సీసా మీద రాసినంతసేపే ఉంచి కడిగెయ్యాలి. పెయింట్ మీద ఆరిపోనివ్వకూడదు.

7. చివర్లో మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తడి అద్దండి. నీళ్ళచుక్కలు అలాగే ఆరిపోతే తెల్లమచ్చలు పడతాయి.

అద్దానికి ఇంకో చిట్కా. వెనిగర్ ఒక వంతు, నీళ్ళు ఒక వంతు కలిపి గుడ్డతో రాస్తే పల్చటి జిడ్డు పొర పోతుంది. ఇది గాజుకి మాత్రమే. పెయింట్ మీద, రబ్బరు అంచుల మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగెయ్యండి. అద్దం లోపలివైపు కూడా తుడవడం మరిచిపోవద్దు. బయట ఎంత శుభ్రం చేసినా లోపలి జిడ్డు వల్ల రాత్రి వెలుగు చెదురుతూనే ఉంటుంది.

వైపర్ రబ్బర్లని కూడా తడిగుడ్డతో ఒకసారి తుడవండి. పురుగు ముక్కలు రబ్బరు అంచున ఇరుక్కుని ఉంటే అవే అద్దాన్ని గీరుతాయి. రబ్బరు గట్టిపడినా, చారలు వదులుతున్నా మార్చేయడమే మంచిది. వానాకాలం ముందు ఏటా ఒకసారి మార్చుకుంటే ఇంక దిగులుండదు.

ఇవి మాత్రం వాడొద్దు

*గిన్నెలు తోమే పచ్చ పీచు, ఇనుప పీచు:* మరక పోతుంది, దాంతోపాటు పెయింట్ మెరుపూ పోతుంది.

*బట్టల సబ్బు పొడి:* ఇందులో క్షారం ఎక్కువ. వ్యాక్స్ పొరని లాగేస్తుంది. నాలుగుసార్లు కడిగేసరికి పెయింట్ పాలిపోయినట్టు కనిపిస్తుంది.

*కిరోసిన్, డీజిల్, పెట్రోల్:* పాత డ్రైవర్లు చాలామంది వాడే మందు ఇదే. మరక కరుగుతుంది నిజమే. కానీ అద్దం మీద నూనె పొర మిగులుతుంది, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పెట్రోల్‌తో నిప్పు ప్రమాదం ఎటూ ఉంది. హెడ్‌లైట్లు ఇప్పుడు గాజువి కావు, పాలీకార్బనేట్ ప్లాస్టిక్. పెట్రోల్, థిన్నర్ తగిలితే సన్నగా పగుళ్ళొచ్చి మసకబారతాయి.

*బాత్రూం కడిగే యాసిడ్:* ఇది అన్నిటికన్నా ప్రమాదం. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నికెల్ పూత, అల్యూమినియం, పెయింట్ అన్నిటినీ తింటుంది. పైగా ఇంట్లో బ్లీచింగ్ పౌడర్, బ్లీచ్ ద్రవం ఏదైనా దాంతో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది ఊపిరితిత్తులకి విషం. బండి కడిగే పని పిల్లలకి అప్పజెప్పే ఇళ్ళలో ఈ రెండు సీసాలూ వాళ్ళకి అందకుండా పెట్టండి.

*వాడేసిన ఇంజన్ ఆయిల్, వంటనూనె:* పురుగులు అంటుకోవని బంపరుకి పూసేవాళ్ళున్నారు. పురుగు సంగతేమో గానీ విశాఖ ధూళి అంతా దానికే అంటుకుంటుంది. పొరపాటున అద్దానికి తగిలితే రాత్రి నడపలేరు.

కళ్ళకి కనపడని చోటు: రేడియేటర్

ముందు జాలీ లోపల రేడియేటర్, దాని ముందు ఏసీ కండెన్సర్ ఉంటాయి. వాటి సన్నని రేకుల మధ్య నుంచి గాలి పోవాలి. వానాకాలంలో వారంపాటు రాత్రులు తిరిగిన బండికి ఆ సందులన్నీ పురుగులతో, రెక్కలతో మూసుకుపోతాయి. ఏసీ చల్లదనం తగ్గడం, అరకు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి ముల్లు పైకి లేవడం దీని గుర్తులు కావచ్చు. మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు ఒకసారి జాలీ లోపలికి టార్చ్ వేసి చూడండి.

శుభ్రం చేసేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. మెత్తగా వచ్చే నీళ్ళ ధారతో, వీలైతే లోపలి నుంచి బయటికి కొట్టాలి. వాటర్ సర్వీసింగ్‌లో గన్నుతో దగ్గర నుంచి కొడితే ఆ రేకులు వంగిపోయి గాలి దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. సర్వీసింగ్ కుర్రాడికి ఆ మాట ముందే చెప్పండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తెరవకూడదని వేరే చెప్పక్కర్లేదు.

రాకుండా చేసుకోవచ్చా?

పురుగు తగలకుండా పూర్తిగా ఆపే మందేదీ లేదు. తగిలేవి తగ్గించుకోవచ్చు, తగిలినవి తేలిగ్గా ఊడొచ్చేలా చేసుకోవచ్చు. అంతే.

*బయల్దేరే సమయం.* పురుగులు ఎక్కువగా ఎగిరేది మగ్రిబ్ వేళ నుంచి రాత్రి మొదటి జాముల్లో. తొలకరి వాన పడ్డ సాయంత్రం ఉసుళ్ళు పుట్టల్లోంచి లేస్తాయి. వరి పొట్ట మీద ఉన్న రోజుల నుంచి కోతల దాకా, ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో, పొలాల పక్క రోడ్ల మీద సుడిదోమ, పచ్చదోమ లైట్ల చుట్టూ పొగలా మూగుతాయి. వీలున్న ప్రయాణమైతే ఇషా తర్వాత బయల్దేరే బదులు ఫజర్ నమాజ్ చేసుకుని బయల్దేరండి. పురుగులూ తక్కువ, డ్రైవరుకి నిద్రమత్తూ తక్కువ.

*వేగం.* దెబ్బ బలం వేగంతో పాటు సమానంగా పెరగదు, వర్గంలా పెరుగుతుంది. 80 నుంచి 60కి తగ్గిస్తే పురుగు తగిలే దెబ్బ బలం దాదాపు సగానికి పడిపోతుంది. మెల్లగా పోయే బండి మీదుగా గాలితో పాటు కొన్ని పురుగులు తప్పుకునీ పోతాయి. పురుగుల గుంపు కనిపించగానే వేగం తగ్గించడం రెండు విధాలా మంచిది.

*ఆపే చోటు.* టీ కోసం ఆగినప్పుడు బండిని ధాబా పెద్దలైటు కిందే పెట్టకండి. పురుగులన్నీ అక్కడే ఉంటాయి. హెడ్‌లైట్లు ఆర్పేయండి. తెల్లని, నీలి ఛాయ వెలుగుకి పురుగులు ఎక్కువ వస్తాయి, పసుపు వెలుగుకి తక్కువ.

*వ్యాక్స్.* దూరప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు బండి కడిగి, పూర్తిగా ఆరాక, నీడలో బానెట్, బంపరు, అద్దాల పక్క స్తంభాల మీద పల్చగా వ్యాక్స్ పట్టించండి. ఆరి తెల్లబారాక మెత్తని గుడ్డతో తుడిచేయాలి. పురుగు ద్రవం పెయింట్‌కి బదులు వ్యాక్స్‌కి అంటుకుంటుంది, తడిగుడ్డకే ఊడొచ్చేస్తుంది. ఇది శాశ్వతం కాదు. ఎండలో తిరిగే బండికి కొన్ని వారాలకోసారి మళ్ళీ పెట్టాలి. ఈ వ్యాక్స్ ముందు అద్దానికి రాయకూడదు. అద్దానికి నీళ్ళు నిలవకుండా చేసే పూత వేరే దొరుకుతుంది. సెరామిక్ కోటింగ్, పారదర్శక ఫిల్మ్ కూడా మంచివే గానీ ఖర్చు ఎక్కువ. అవి వేయించినా మరకని వెంటనే కడగాల్సిందే.

*వల.* కొందరు జాలీ ముందు దోమతెర లాంటి వల కడతారు. సన్నని వల గాలిని కూడా ఆపేస్తుంది. కడితే కాస్త పెద్ద కళ్ళున్నది కట్టి, ఇంజన్ వేడి మీద కన్నేసి ఉంచండి.

బైకు మీద వెళ్ళేవాళ్ళకి

వ్యాన్లో వాళ్ళకి అద్దముంది. బైకు నడిపేవాడికి హెల్మెట్ ముందున్న వైజరే అద్దం. అది కూడా ప్లాస్టిక్ కాబట్టి పొడిగా తుడిస్తే గీతలే. తడి చేతిరుమాలు 5 నిమిషాలు కప్పి ఉంచి, తర్వాత మెల్లగా తుడవాలి. ఉక్కపోస్తోందని సాయంత్రాలు వైజర్ ఎత్తి నడపకండి. కంట్లో పురుగు పడితే చెయ్యి పెట్టి నలపకుండా బండి పక్కకి ఆపి శుభ్రమైన నీళ్ళతో కన్ను కడుక్కోండి. మంట, ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరుకి చూపించాలి.

బట్టలకి అంటితే నమాజ్ సంగతి?

బండి తుడిచేటప్పుడు చొక్కాకి, పైజమాకి ఆ మరకలు అంటడం మామూలే. వాటితో నమాజ్ చదవొచ్చా అని కొందరు డ్రైవర్లకి సందేహం. ఈగ, దోమ లాంటి, ఒంట్లో పారే రక్తం లేని జీవుల మరక నాపాక్ కాదని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. అయినా శుభ్రంగా ఉండటం మన అలవాటు కావాలి కాబట్టి కడుక్కోవడం మేలు. మరింత వివరం కావాలంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ని అడగండి.

నీళ్ళ విషయంలో మాత్రం ఇస్రాఫ్ వద్దు. పైపు పెట్టి గంటసేపు వదిలేస్తే మరక త్వరగా పోదు. పైన చెప్పిన తడి తువ్వాలు పద్ధతిలో రెండు మూడు బకెట్లతో పని అయిపోతుంది. వీధి కుళాయి మీద నాలుగు ఇళ్ళు ఆధారపడే చోట ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

మరకలు తగ్గిపోతున్నాయి కూడా

చివరగా ఒక చిన్న మాట. బండి మీద మరకల్ని చూసి చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికా శాస్త్రవేత్త మార్క్ హోస్టెట్లర్ కారు మీద చితికిన పురుగుల్ని మరకల్ని బట్టి గుర్తుపట్టడం మీద ఏకంగా పుస్తకమే రాశారు. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 1997లో ఆయనకి దక్కింది.

ఆ తర్వాత వచ్చిన లెక్కలు మాత్రం నవ్వులాటగా లేవు. డెన్మార్క్‌లో రెండు రోడ్ల మీద 1997 నుంచి 2017 దాకా కారు అద్దానికి తగిలే పురుగుల్ని లెక్కపెడితే ఒకచోట 80 శాతం, ఇంకోచోట 97 శాతం తగ్గాయి. బ్రిటన్‌లో 2004తో పోలిస్తే 2021లో నంబరు ప్లేట్ల మీద పడే మరకలు దాదాపు 60 శాతం తగ్గాయి. పురుగుమందులు, తగ్గిపోతున్న పచ్చదనం, రాత్రంతా వెలిగే లైట్లు ఇందుకు కారణాలుగా చెబుతున్నారు. పూర్ణా మార్కెట్లో అమ్మే గుమ్మడికాయ, బీరకాయ, దోసకాయ కాయాలంటే పూల మీద పురుగులు వాలాల్సిందే. కాబట్టి రోడ్డు మీద పురుగులు ఉన్నందుకు విసుక్కోవద్దు. మన అద్దం మనం శుభ్రంగా ఉంచుకుంటే చాలు.

గుర్తుంచుకోవాల్సినవి

బయల్దేరే ముందు వాషర్ ట్యాంకు నింపండి, వైపర్ రబ్బరు చూడండి, బండిలో ఒక నీళ్ళ సీసా, రెండు మెత్తని గుడ్డలు పెట్టుకోండి. దారిలో పురుగు పడితే నీళ్ళు కొట్టాకే వైపర్ వెయ్యండి. చేరుకున్నాక ఎండెక్కకముందే తడిగుడ్డ పరిచి నానబెట్టండి. వ్యాన్ మాట్లాడుకునే కుటుంబాలు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే డ్రైవర్ భాయ్‌ని ఒక్క మాట అడగండి: అద్దం శుభ్రంగా ఉందా, వాషర్‌లో నీళ్ళున్నాయా అని. దారిలో అద్దం తుడుచుకోవడానికి ఆయన పది నిమిషాలు ఆపితే, ఆలస్యమవుతోందని తొందరపెట్టకండి. ఆయన తుడిచేది మీ పిల్లల కోసమే.